ఎలుకలు ఈదిన తొట్టి

నేను ఒక తొట్టిని. తొట్టి అనగానే గొడ్ల చావిడి పక్కన నాచు పట్టి పడి ఉండే సిమెంటు తొట్టిని తలుచుకుని మొహం చిట్లించకండి. నాది ఫైబర్ ఒళ్లు. ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. గుండ్రమంటే మామూలు గుండ్రం కాదు, నా అంచు మీద చెయ్యి వేసి చుట్టూ తిరిగితే ఎక్కడ మొదలుపెట్టారో మీకే తెలియదు. నాకు సర్కారీ కొలువు తెచ్చిపెట్టింది ఈ గుండ్రమే.

పుట్టింది బెజవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. అచ్చు మీద గాజుపీచు పరిచి, ఘాటు వాసన కొట్టే జిగురు రాసి, మళ్లీ పీచు, మళ్లీ జిగురు, అలా నాలుగు వరసలు వేశారు. మూడో వరస సగంలో ఉండగా మేస్త్రికి టీ వచ్చింది. తాగి వచ్చేసరికి ఎక్కడ ఆపాడో మరిచిపోయి, ఒక పక్క అదనంగా ఇంకో వరస వేసేశాడు. అందుకే నా ఒళ్లు ఒకవైపు కాస్త మందం. మనుషుల మతిమరుపు సంగతి నాకు పురిట్లోనే తెలిసిపోయిందన్నమాట.

మొదట నన్ను కొన్నది కైకలూరులో చేపపిల్లలు అమ్మే ఆసామి. రెండేళ్లు నా కడుపు నిండా వేలెడంత పిల్లలు గిలగిలలాడాయి. అక్కడ ఉండగానే ఒకరోజు సన్నగా, చకచకా నడిచే ఒకావిడ వచ్చి, టేపు పెట్టి నన్ను అడ్డంగా, నిలువుగా కొలిచింది. పేరు డాక్టర్ ప్రసూన. ఏదో విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేస్తుందట.

"ఏ రకం పెంచుతారండీ? బొచ్చెలా, రాగండీలా?" అని అడిగాడు ఆసామి.

"ఎలుకలండీ."

ఆయన బుర్ర గోక్కున్నాడు. చివరికి నన్ను లారీ ఎక్కిస్తూ, "ఎలకల చెరువు నేనెక్కడా వినలేదండీ. పిల్లలు దొరికితే నాక్కూడా ఓ మాట చెప్పండి," అన్నాడు.

ప్రయోగశాలలో నాకొక గది ఇచ్చారు. వారం రోజులు ఎన్ని మందులు పోసి కడిగినా నా చేపవాసన పోలేదు. దాన్ని వదిలించినవాడు యేసోబు. చింతపండూ బూడిదా కలిపి, కొబ్బరిపీచుతో మూడు పూటలు రుద్దాడు. అక్కడి ఎలుకల ఆలనాపాలనా అంతా అతనిదే. యాభై ఏడేళ్ల మనిషి, గట్టి చేతులు, మెత్తటి గొంతు. ఆ చేతులే నాకు మొదట నచ్చాయి.

పక్కగదిలో పొడవాటి ఇనుప గొట్టం ఒకటి ఉండేది. దాన్ని అందరూ ఫిరంగి అనేవాళ్లు. ఒక చివర గాలి కూరతారు. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాలి ఒత్తిడికి అది ఢమాలున పగిలి, దెబ్బ గొట్టం గుండా దూసుకుపోతుంది. రెండో చివర మత్తులో పడుకున్న ఎలుక ఉంటుంది. పేలుడు దగ్గర నిలబడ్డ మనిషికి తగిలే గాలిదెబ్బ లాంటిదే, ఎలుక కొలతకి తగ్గించి. గాయం ఉండదు, రక్తం రాదు. లేచి మీసాలు దువ్వుకుని గింజలు తింటుంది. మరి లోపల మెదడుకి ఏమవుతుంది? ఒక్కసారి కాదు, చిన్న చిన్న దెబ్బలు మళ్లీ మళ్లీ తగిలితే దారి గుర్తుంటుందా? ప్రసూన ప్రశ్న ఇది. క్వారీల్లో మందు పేల్చేవాళ్లు, సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసేవాళ్లు మతిమరుపు అని చెప్పుకుంటే, గాయం ఏదీ అని అడిగి పంపించేస్తున్నారు. మనుషుల్ని కోసి చూడలేం కాబట్టి ఎలుకల్ని అడుగుతున్నాం అనేది ఆమె.

అడిగేది నా ద్వారానే. నాలో నీళ్లు నింపి, పాలపొడి కలిపి తెల్లగా చేస్తారు. నీళ్ల కింద వేలెడు లోతులో ఒక చిన్న పీట దాగి ఉంటుంది. పైకి కనబడదు. గోడల మీద పెద్ద పెద్ద పటాలు, ఒకవైపు త్రికోణం, ఒకవైపు చారలు, ఒకవైపు నల్లటి చక్రం. ఎలుక ఈదుతూ వాటిని చూసి, ఫలానా పటానికి ఇటుపక్క పీట ఉందని నేర్చుకుంటుంది. వేపచెట్టు దాటాక ఎడమకి తిరగాలని మీరు గుర్తుపెట్టుకున్నట్టే. నాకు మూలలు ఉంటే వాటినే గుర్తు పెట్టుకుని మోసం చేస్తుంది. అందుకే గుండ్రటి నేను. ఐదు రోజులు నేర్పాక సగం ఎలుకలకి వరసగా ఫిరంగి దెబ్బలు, సగానికి వట్టి మత్తు. వారం తర్వాత మళ్లీ నాలో దింపి, ఎవరికి దారి గుర్తుందో చూడాలి. ఎలుకని నీళ్లలో దింపిన మనిషి వెంటనే తెర వెనక్కి పోవాలని నియమం. ప్రసూన ఆ తెర వెనకే కూచుని కంప్యూటర్లో చూసేది. నా నెత్తిన ఉన్న కెమెరాకి నీళ్లూ ఎలుకా తప్ప ఇంకేమీ కనబడవు.

ఆమె గురించి ఒక మాట. జ్ఞాపకశక్తిని కొలిచే ఈ మనిషి రోజుకి మూడు టీ గ్లాసులు నా అంచు మీద పెట్టి మరిచిపోయేది. పాలపొడి అంతా నా పాలబడిందని, తమకి నల్ల టీ గతి పట్టిందని విభాగానికి అధిపతి అయిన పెద్ద సారు నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చేవారు.

ఇక యేసోబు. ఎలుకలు కొట్టే కేరింతలు, గిచ్చులు, అలకలు అన్నీ అతనికి తెలుసు. తోకల మీద గీతలే వాటి గుర్తులు, పేర్లు పెట్టకూడదని నియమం. పేర్లు పెట్టలేదు గాని, పొద్దున్నే తలుపు తీసి, "వందనాలయ్యా" అనేవాడు అందరికీ కలిపి. చివరి రోజున వాటిని శాశ్వతంగా నిద్రపుచ్చి మెదడు పరీక్షిస్తారు. అది దాచను, దాస్తే వాటికి అన్యాయం చేసినట్టే. ఆ రోజు యేసోబు పొద్దుతిరుగుడు గింజలు తెచ్చి ఒక్కోదానికి చేత్తో పెట్టేవాడు. ప్రసూన అన్నం డబ్బా తెరిచేది కాదు. నా నీళ్లు పారబోశాక గది చాలాసేపు బోసిగా ఉండేది.

ఈ కొలువుకి ముందు యేసోబు ఇరవై రెండేళ్లు కంకర క్వారీలో పనిచేశాడు. బండకి బెజ్జం వేసి, మందు కూరి పేల్చడం అతని పని. అక్కడ ఒక ఆచారం ఉంది. పేల్చే ముందు కూలీలంతా ఎటు పరిగెత్తాలో తెలియడానికి, మందు పెట్టిన మనిషే ఒక చోట ఎర్ర తువ్వాలు ఎత్తి పట్టుకుని నిలబడతాడు. దుమ్ములో దిక్కు తెలియకపోయినా తువ్వాలు చూసుకుని వచ్చేస్తారు. వచ్చిన తలలన్నీ లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే అగ్గి పెట్టాలి. ఒకరోజు పదకొండు మంది దిగారు. వచ్చినవాళ్లని లెక్కపెడుతూ పెడుతూ పదో, పదకొండో యేసోబుకి గుర్తు లేకుండా పోయింది. అగ్గి పెట్టలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడే పని మానేశాడు.

అప్పటినుంచీ దారులు తప్పడం, తాళాలు మరవడం, మాట మధ్యలో ఆగిపోవడం. ఊరంతా తాగుడన్నారు. నిజంగా ఒకప్పుడు తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్న నాడు సీసా ముట్టనని ఒట్టేసి, పదకొండేళ్లుగా ముట్టలేదు. అయినా నమ్మేవాళ్లు లేరు. భార్య సువార్త కూడా నమ్మలేదు. పోను పోను, ఏనాడో తాగిందానికి ఇది శిక్షేమోనని అతనే అనుకోవడం మొదలుపెట్టాడు. పరిశోధన దేని గురించో ప్రసూన వివరించిన రోజున నన్ను తుడుస్తూ తుడుస్తూ ఆగి, ఒక్క మాట అడిగాడు.

"ఎలకలు తాగవు గదా మేడమ్?"

"తాగవు," అంది ఆమె.

"మంచిది," అని మళ్లీ తుడవసాగాడు. ఆ రోజు నుంచి ఆ ప్రయోగం ప్రసూనది ఎంతో, యేసోబుదీ అంతే. తాగని ఎలుక కూడా దారి మరిచిపోతే, తన మీద ఉన్న మాట పోతుంది.

కానీ ఎలుకలు మరిచిపోలేదు. తొలి జట్టులో ఇరవై నాలుగూ, దెబ్బ తగిలినవీ తగలనివీ, ఒకే తీరున గబగబా ఈదుకుంటూ పీటెక్కేశాయి. రెండో జట్టూ అంతే. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఇంకో రెండు నెలల్లో నిపుణుల సంఘం వచ్చి పని ఎంతవరకూ వచ్చిందో చూస్తుంది. పెద్ద సారు నా గదికి వచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయంటే ఏమీ నష్టం జరగలేదనే కదమ్మా. చిన్న దెబ్బలతో ప్రమాదం లేదని రాసి ముగించెయ్యండి."

ప్రసూన తల వంచుకుని నిలబడింది. యేసోబు బక్కెట్టు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. సారు వెళ్లాక మెల్లగా అడిగాడు.

"అయితే నాది తాగుడేనా మేడమ్?"

ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. నోరు లేకపోవడం ఎంత బాధో ఆ రోజు తెలిసింది.

ఎందుకంటే నాకు కనబడుతున్నది కెమెరాకి కనబడటం లేదు. యేసోబు ఎలుకని దింపేవాడు, నియమం ప్రకారం తెర వెనక్కి పోయేవాడు కాదు. మేకుకి వేలాడే తువ్వాలు తీసుకుని, గబగబా పీట ఉన్న వైపుకి వచ్చి, దాన్ని రెండు చేతుల్లో పరిచి పట్టుకుని నిలబడేవాడు. పీటెక్కిన ఎలుక ఒక్క క్షణం కూడా వణక్కూడదని ఒక కారణం. ఇరవై రెండేళ్ల అలవాటు ఇంకో కారణం. దిగినవాళ్లకి ఎటు రావాలో చూపించడం తన పని కదా. మొదటి రోజు నుంచీ అంతే. ఎలుకలు మాత్రం వెర్రివా? గోడ మీద త్రికోణాన్ని చూసి లెక్కలు కట్టడం కంటే, వెచ్చటి తువ్వాలు పట్టుకున్న మనిషి వైపు ఈదడం సులువు. దారి మరిచిపోయిన ఎలుకైనా మనిషిని చూసుకుని వచ్చేస్తుంది.

మర్నాడు పొద్దున మూడో జట్టుకి పరీక్ష. తొమ్మిదైనా యేసోబు రాలేదు. పదైంది. ప్రసూన ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఎలుకల్ని అనుకున్న వేళకి దింపకపోతే ఆ జట్టంతా పనికిరాకుండా పోతుంది. చివరికి ఆమె చీర కొంగు దోపుకుని తనే దింపడం మొదలుపెట్టింది. తన నియమం తనదే కాబట్టి, దింపగానే బుద్ధిగా తెర వెనక్కి పోయింది.

దెబ్బ తగలని ఎలుక ఒకటి చుట్టూ చూసి, కాస్త తటపటాయించి, పీట దగ్గరికి వెళ్లింది. దెబ్బ తగిలినది నా గోడ పట్టుకుని గుండ్రంగా తిరగసాగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. నిమిషమున్నర దాటితే తీసేయాలి, తీసేసింది. దెబ్బ తగిలిన రెండోదీ అంతే. ప్రసూన తెర వెనక నుంచి వచ్చి, మోచేతి దాకా చెయ్యి ముంచి పీట ఉందో లేదో తడిమి చూసింది. ఉంది. మూడోది కూడా తిరుగుతూనే ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. యేసోబు. చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయింది. ఎలుక చుట్లు తిరగడం చూశాడు. సంచి కింద పడేసి, తువ్వాలు అందుకుని, తన చోటికి వచ్చి నిలబడ్డాడు. గోడ వెంట వెళుతున్న ఎలుక ముక్కు ఇటు తిరిగింది. ఒక్క తీరున ఈదుకుంటూ వచ్చి పీటెక్కి, చేతులు చాచినట్టు ముందు కాళ్లు ఎత్తింది.

తెర వెనక కంప్యూటర్లో ప్రసూనకి కనబడింది ఎలుక గీసిన గీత మాత్రమే. చుట్టు, చుట్టు, చుట్టు, ఉన్నట్టుండి బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా. ఆమె తెర తొలగించుకుని బయటికి వచ్చింది.

"యేసోబు గారూ, మీరు ఎక్కడ నిలబడ్డారు?"

"ఈడే మేడమ్. రోజూ నిలబడేకాడే."

"రోజూనా?"

"మరి? దిగినోళ్లకి ఎటు రావాలో తెలవాల గదా."

ఆమె తడి నేల మీద అలాగే కూలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేనూ యేసోబూ ఇద్దరం హడలిపోయాం. తల ఎత్తితే, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది.

"పొరపాటు చేశానా మేడమ్?"

"చేశారు. ఎనిమిది నెలలుగా నేను కొలిచింది ఎలుకల జ్ఞాపకాన్ని కాదు యేసోబు గారూ. మిమ్మల్ని."

యేసోబు చేతిలో తువ్వాలు వైపు చూసుకున్నాడు. ఎలుక మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా ఒళ్లు తుడిపించుకుంటోంది.

"ఇంతకీ ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగింది నవ్వు ఆపుకుంటూ.

"రోడ్డు తవ్వి బస్సుని వేరే దోవన తిప్పారు మేడమ్. నేను గుర్తు పెట్టుకున్నయ్యి ఏవీ రాలా. పెట్రోలు బంకు రాలా, నీళ్ల టాంకీ రాలా. యాడో దిగి చుట్టూ తిరిగినా. తిరిగిన చోటే తిరిగినా."

ప్రసూన నవ్వు ఆగిపోయింది. నా నీళ్ల వైపూ, అతని వైపూ చూసింది. తర్వాత లేచి, కుర్చీ తెచ్చి, అతన్ని కూచోబెట్టి, తన అన్నం డబ్బా తెరిచి అతని ముందు పెట్టింది.

ఆ తర్వాత కొత్త జట్టుతో మొదటి నుంచీ చేశారు. దింపడానికి ప్రసూనే. యేసోబు తెర వెనక స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకుని. ఎలుక చుట్లు తిరుగుతున్నప్పుడల్లా ఆ స్టూలు కిర్రుమనేది. తనకి కావలసింది అవి దారి తప్పడమే, తప్పుతుంటే చూడలేకపోయేవాడు. మనుషులు వింతగా ఉంటారు, ఆ వింత నాకు చాలా ఇష్టం. చివరికి ఫలితం తేలింది. దెబ్బలు తగిలిన వాటిలో ఎక్కువ భాగం దారి మరిచాయి. తగలనివి మరవలేదు. సంఘం వాళ్లు వచ్చి, కాగితాలన్నీ తిరగేసి, పని కొనసాగించమన్నారు. పెద్ద సారు ఆ రోజు అందరికీ పాలు పోసిన టీ తెప్పించారు.

ప్రసూన తన గ్లాసు నా అంచు మీద పెట్టి యేసోబు వైపు తిరిగింది.

"మీరొకటి అడిగారు, అప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఈ ఎలుకలు ఎన్నడూ తాగలేదు. మీ తల నేను చూడలేదు, దానికి వేరే డాక్టరున్నారు, రేపు తీసుకెళతాను. కానీ తాగుడే అని మాత్రం ఇక ఎవరినీ అననివ్వకండి."

యేసోబు కాసేపు నా అంచు తుడిచాడు. పొడిగా ఉన్న అంచే. తర్వాత అన్నాడు, "ఆ మాట మా ఇంటిదానికి చెప్తారా మేడమ్?"

సువార్త ఆ శనివారమే వచ్చింది. పొట్టి మనిషి, తల నిండా కనకాంబరాలు, చంకలో గొడుగు. అంతా విని, నా అంచు పట్టుకుని నిలబడింది.

"పదకొండేళ్లుగా రోజూ ఈయన నోరు వాసన చూస్తన్నా మేడమ్ గారూ. ఒక్కనాడు దొరికితే ఒట్టు. ఎంత తెలివిగా తాగుతున్నాడో అనుకున్నా గాని, తాగట్లేదనుకోలా."

యేసోబు ఫక్కున నవ్వాడు. అతను అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు. ప్రసూన వాళ్లకి మూడో జట్టులో మిగిలిన, దెబ్బ తగిలిన ఎలుకని ఒకదాన్ని దింపి చూపించింది. అది చుట్లు తిరిగింది. యేసోబు తువ్వాలు పట్టుకుని నిలబడగానే తిన్నగా వచ్చేసింది. సువార్త నవ్వు మాని చాలాసేపు చూసింది.

"ఇట్టా ఒకరు నిలబడితే చాలా?" అని అడిగింది.

"చాలాసార్లు చాలు," అంది ప్రసూన.

సోమవారం నుంచి సువార్త సాయంత్రం బస్సు వేళకి వాళ్ల స్టాపులో నిలబడసాగింది, పాత క్వారీ తువ్వాలు ఎత్తి పట్టుకుని. యేసోబు ఆ సంగతి వచ్చి ఫిర్యాదులా చెప్పేవాడు. "ఊరంతా చూస్తన్నారు మేడమ్, పెళ్లికొడుకు దిగతన్నట్టు." ఫిర్యాదు చెబుతున్నంతసేపూ మొహం వెలిగిపోతూ ఉండేది.

నాలుగేళ్లయ్యాక హైదరాబాదు నుంచి కొత్త తొట్టి వచ్చింది. దానికి లైట్లున్నాయి, నీళ్లు వేడెక్కే యంత్రం ఉంది, గుండ్రం మాత్రం నా అంత లేదు. నన్ను పాత సామానులో రాశారు. ఏ గోదాములోనో బల్లుల్ని మోస్తూ పడి ఉంటాననుకున్నాను. ఆ ఏడు యేసోబు వాళ్ల పాలెంలో కాలవకి నీళ్లు రాలేదు. ప్రతి ఏటా కాలవలోనే బాప్తిస్మాలిచ్చే పాస్టరు గారు తల పట్టుకున్నారట. యేసోబు ప్రసూన దగ్గర కాగితం రాయించుకుని, ట్రాక్టరు తీసుకుని వచ్చేశాడు.

చర్చి ముందు నన్ను దించి, నా మందం ఉన్న పక్కన ఒక మెట్టు వేసి, నీళ్లు నింపారు. పాలపొడి లేదు. నా అడుగు అందరికీ కనబడుతోందని సిగ్గు వేసింది, పీట పెట్టిన చోట మచ్చ కూడా ఉంది. ప్రసూనని పిలిచారు, వచ్చింది, టీ గ్లాసు నా అంచు మీద పెట్టి మరిచిపోయింది. ప్రాణం లేచి వచ్చింది నాకు.

తెల్ల బట్టల్లో ఒక్కొక్కరూ నాలోకి దిగి కూచున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి వెనక్కి వాల్చి ముంచి లేపుతున్నారు. లేచినవాళ్లకి కళ్ల నిండా నీళ్లు, చెవుల నిండా పాట, మెట్టు ఎటువైపో తెలియదు. నా మందం ఉన్న పక్కన, భుజాన తువ్వాళ్ల దొంతరతో, ఒకటి చేతుల్లో పరిచి పట్టుకుని యేసోబు నిలబడ్డాడు. అక్కడ నిలబడమని అతనికి ఎవరూ చెప్పలేదు. "ఇటమ్మా, ఇట్టా రా," అంటున్నాడు మెల్లగా. వచ్చిన ప్రతి తలా తుడుస్తూ, పెదవులు కదుపుతున్నాడు. ఆ పెదవులు ఏం చేస్తున్నాయో నాకు తెలుసు.

చివరి మనిషి కూడా ఎక్కాక యేసోబు ఆగిపోయాడు. పాట అయిపోయింది, జనం కదులుతున్నారు, అతను మాత్రం తువ్వాలు పట్టుకుని అలాగే ఉన్నాడు. నా నీళ్లలో ఒక్క అల లేదు.

"పద్నాలుగు," అన్నాడు చివరికి, పైకే.

"పద్నాలుగే," అంది గుమ్మం దగ్గర నుంచి సువార్త.

నేనూ లెక్కపెట్టాను. దిగింది పద్నాలుగు మంది, ఎక్కింది పద్నాలుగు మంది.